ఒక్క సరస్సు చాలు: కుక్కతో ఫింగర్ లేక్స్ ప్రయాణం

న్యూజెర్సీలోనో, పెన్సిల్వేనియాలోనో, న్యూయార్క్ చుట్టుపక్కలో ఉండే తెలుగువాళ్ళకి ఫింగర్ లేక్స్ అనే పేరు కొత్త కాదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే నయాగరాకి తీసుకెళ్తాం. దారిలో వాట్కిన్స్ గ్లెన్ దగ్గర ఆగుతాం. మెట్లెక్కుతాం. జలపాతాలు చూస్తాం. ఫొటోలు తీసుకుంటాం. మళ్ళీ కారెక్కేస్తాం. అంత అందమైన చోటుకి ఒక్క పూట ఇచ్చి వచ్చేస్తాం.

ఈవేళ అక్కడ మూడు రోజులు ఉండడం గురించి చెప్తాను. అదీ ఇంట్లో కుక్కని వెంటబెట్టుకుని. కుక్కని ఎక్కడో అప్పగించి, ఎలా ఉందో అని ఫోన్లు చేసుకుంటూ తిరిగే ప్రయాణం కాదు. అది కూడా మనతో నడిచి, మనతో తిని, మన పక్కనే పడుకునే ప్రయాణం.

అసలు మాట ముందే చెప్పేస్తాను. పెన్నూ కాగితం అక్కర్లేదు, చిన్న మాటే. ఒక్క సరస్సు ఎంచుకోండి. అక్కడ పదకొండు సరస్సులున్నాయి. వాటిలో ఒక్కటి ఎంచుకోండి. దాని ఒడ్డునే బస చేయండి. ఆ మూడు రోజులూ దాని చుట్టుపక్కలే ఉండండి. మిగతా పదీ ఇంకోసారి చూడొచ్చు.

ఎందుకో చెప్తాను.

ముందు ఆ సరస్సులు ఎలా ఉంటాయో ఊహించుకోండి. న్యూయార్క్ రాష్ట్రం మధ్యలో, కాస్త పడమటి వైపు ఉంటాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా, పొడుగ్గా, ఒకదాని పక్కన ఒకటి. వేల ఏళ్ళ కిందట ఉత్తరం నుంచి కదిలొచ్చిన మంచు, నేలని దొలుచుకుంటూ పోయింది. ఆ లోయల్లో నీళ్ళు నిలిచాయి. వాటిలో పెద్దవి రెండు, సెనెకా, కయూగా. ఈ రెండూ అక్కడి ఆదివాసీ జాతుల పేర్లే. సెనెకా లోతు 618 అడుగులు. కయూగా పొడవు దాదాపు 40 మైళ్ళు. వెడల్పు మాత్రం ఎక్కడా 4 మైళ్ళు దాటదు.

ఇక్కడే మనం మోసపోతాం. మ్యాపులో చూస్తే అవతలి ఒడ్డు పక్కనే ఉన్నట్టుంటుంది. రాజమండ్రి గట్టు మీద నిలబడితే కొవ్వూరు కనిపిస్తుంది కదా. మధ్యలో ఒక్క వంతెన కూడా లేదనుకోండి. పడవా లేదనుకోండి. కంటికి కనిపిస్తున్న కొవ్వూరు వెళ్ళడానికి గోదావరి చుట్టూ తిరిగి రావాలి. కయూగా, సెనెకా అంతే. నడిమధ్యన దాటే వంతెన లేదు. ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి వెళ్ళాలంటే సరస్సు కొస దాకా వెళ్ళి, తిరిగి రావాలి. అలాంటి సరస్సులు రెండు మూడు ఒక్క రోజులో పెట్టుకున్నారంటే, ఆ రోజంతా కారులోనే.

మనకైతే ఫరవాలేదు. పాటలు పెట్టుకుంటాం, కబుర్లు చెప్పుకుంటాం. కుక్కకి?

ఒక కుటుంబాన్ని అనుకుందాం. ఎడిసన్‌లో ఉంటారు. భార్యాభర్తలు, పదేళ్ళ పాప, గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మగారు. ఇంట్లో ఒక లాబ్రడార్. దాని పేరు చిట్టి అనుకుందాం. వీళ్ళు అందరిలాగే ప్రయాణం రాసుకున్నారు. పొద్దున్న సెనెకా కింది కొసన వాట్కిన్స్ గ్లెన్. మధ్యాహ్నం క్యూకా సరస్సు ఒడ్డున వైనరీ. సాయంత్రం కయూగా దగ్గర టాగానాక్ జలపాతం. కాగితం మీద బాగానే ఉంది.

పొద్దున్న వాట్కిన్స్ గ్లెన్ చేరారు. అక్కడ లోయ లోపలి నుంచి వెళ్ళే దారి ఉంటుంది, గార్జ్ ట్రెయిల్ అంటారు. పంతొమ్మిది జలపాతాలు ఆ దారిలోనే కనిపిస్తాయి. ఎనిమిది వందల పైచిలుకు రాతిమెట్లు. ఆ దారిలోకి కుక్కల్ని రానివ్వరు. లోయ పైన, అంచు వెంట వెళ్ళే దారుల్లోకైతే రానిస్తారు. కానీ పంతొమ్మిది జలపాతాల కోసం నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చినవాళ్ళకి ఆ పైదారి ఏమానుతుంది? ఇప్పుడు ఏం చేస్తారు? ఒకళ్ళు చిట్టితో బయట ఉండిపోవాలి. అమ్మమ్మగారు అన్ని మెట్లు ఎక్కలేరు కాబట్టి ఆవిడా ఉండిపోవాలి. లేదా, కిటికీ అద్దం కొంచెం దించి చిట్టిని కారులో ఉంచి వెళ్దాం అనుకుంటారు.

అదొక్కటీ చేయకండి. దయచేసి చేయకండి. బయట 75 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందనుకోండి. మనకది హాయిగా ఉండే వాతావరణం. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లో 94 డిగ్రీలకి చేరుతుంది. అరగంటలో 109. అద్దం రెండంగుళాలు దించినా పెద్ద తేడా ఉండదు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికి ఉన్న దారి. చుట్టూ గాలే వేడెక్కిపోతే రొప్పినా లాభం లేదు. ప్రాణానికి ప్రమాదం వచ్చేంత ఎండకో చలికో కుక్కని కారులో వదలడం న్యూయార్క్ రాష్ట్రంలో చట్టరీత్యా తప్పు కూడా. చట్టం సంగతి అలా ఉంచండి. అది మనల్ని నమ్ముకుని బతికే ప్రాణి.

అందుకే మళ్ళీ అదే మాట. ఒక్క సరస్సు. దూరాలు తగ్గిపోతే కుక్క కారులో ఎదురుచూడాల్సిన అవసరమే రాదు. ఎక్కడైనా దానికి ప్రవేశం లేకపోతే, పది నిమిషాల్లో బసకి తిరిగి రావచ్చు. ఒకళ్ళు దాని దగ్గరుండి, ఇంకొకళ్ళు వంతు మార్చుకోవచ్చు.

సరే, ఏ సరస్సు? నన్నడిగితే కుక్క ఉన్నవాళ్ళు కయూగా ఎంచుకోవాలి. దక్షిణపు కొసన ఉన్న ఇథాకా ఊరి దగ్గర గానీ, అక్కడి నుంచి పడమటి ఒడ్డున ట్రుమాన్స్‌బర్గ్ వైపు గానీ బస చూసుకోవాలి. వాట్కిన్స్ గ్లెన్ అందాన్ని తక్కువ చేయడం లేదు. ఆ లోయ అద్భుతమే. కానీ అది కుక్కకి మూసిన తలుపు. కయూగా దగ్గర తలుపులు తెరిచే ఉంటాయి.

టాగానాక్ జలపాతమే తీసుకోండి. ఇథాకా నుంచి పడమటి ఒడ్డు వెంట సుమారు పది మైళ్ళు. జలపాతం ఎత్తు 215 అడుగులు. నయాగరా కంటే 33 అడుగులు ఎక్కువ. నీళ్ళ వెడల్పులో నయాగరాతో పోల్చలేం. కానీ రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు, మధ్యలో ఒక్క ధారగా నీళ్ళు దూకుతుంటాయి. దాని కింది దాకా వెళ్ళే దారి ముప్పావు మైలు. సమతలంగా ఉంటుంది. మెట్లు లేవు. అమ్మమ్మగారు నెమ్మదిగా నడిచి వెళ్ళగలరు. చిట్టి కూడా వెళ్ళగలదు, లీష్ ఉంటే చాలు. కుక్కకి అనువైన దారి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకీ అనువుగానే ఉంది చూశారా? ఒకళ్ళ కోసం ఇంకొకళ్ళు బయట కూర్చోనక్కర్లేదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి జలపాతం ముందు నిలబడవచ్చు. నాకు కయూగా మీద ఉన్న ఇష్టానికి మొదటి కారణం ఇదే.

ఇంకో దారి ఉంది. బ్లాక్ డైమండ్ ట్రెయిల్ అంటారు. ఒకప్పుడు అక్కడ రైలు నడిచేది. ఆ రైలు పేరే బ్లాక్ డైమండ్. పట్టాలు తీసేశాక దాన్ని నడకదారి చేశారు. ఇథాకాలో కాస్ పార్క్ దగ్గర మొదలై టాగానాక్ దాకా వెళ్తుంది. మొత్తం ఎనిమిది మైళ్ళ పైన. మొత్తం నడవక్కర్లేదు. ఒక మైలు వెళ్ళి వెనక్కి రండి. చెట్ల నీడ ఉంటుంది. కింద మెత్తటి రాతిపొడి, కుక్క పాదాలు కాలవు. కాస్ పార్క్ పక్కనే ఆలన్ హెచ్. ట్రెమన్ పార్కులో కుక్కల్ని లీష్ తీసి వదిలే కంచె మైదానం కూడా ఉంది. నాలుగు గంటలు కారులో కూర్చుని వచ్చిన కుక్కని ముందు అక్కడికి తీసుకెళ్ళండి. బసకి తర్వాత వెళ్ళొచ్చు. అరగంట పరుగెత్తిందంటే ఆ రాత్రి గదిలో మొరగదు, హాయిగా పడుకుంటుంది.

రాష్ట్ర పార్కుల నియమాలు మూడు చెప్తాను. లీష్ ఆరడుగులు మించకూడదు. లాగితే సాగిపోయే లీష్ ఇంట్లో వదిలేసి, మామూలుది పట్టుకెళ్ళండి. రెండోది, రేబిస్ టీకా వేయించిన కాగితం. అడిగితే చూపించాలి. ఫొటో తీసి ఫోనులో పెట్టుకోండి. మూడోది, జనం ఈతకొట్టే చోట, పిల్లలు ఆడుకునే చోట కుక్కల్ని రానివ్వరు. టాగానాక్‌లో సరస్సు ఒడ్డున ఈతరేవు ఉంది. పాప అక్కడికి వెళ్తానంటే అమ్మానాన్నల్లో ఒకళ్ళు చిట్టితో ఉండాలి. ఆ వంతులు పొద్దున్నే మాట్లాడుకోండి. అక్కడికెళ్ళాక మాట్లాడుకుంటే గొడవలొస్తాయి.

కయూగాని ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఇథాకాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉంది కదా. అక్కడి పశువైద్య కళాశాల 1894 నాటిది. పెద్ద ఆసుపత్రి, అత్యవసర విభాగం ఉన్నాయి. సెలవుల్లో కుక్కకి ఏదైనా అయితే పరుగెత్తడానికి అంతకన్నా మంచిచోటు ఎక్కడుంటుంది? ఒక సంగతి చెప్తాను. 1978 ప్రాంతంలో పార్వో అనే జబ్బు ప్రపంచమంతా పాకింది. కుక్కపిల్లలు రక్తవిరేచనాలతో రోజుల్లో చనిపోయేవి. దానికి టీకా తయారుచేసింది ఈ కార్నెల్‌లోని బేకర్ సంస్థ శాస్త్రవేత్తలే, లీలాండ్ కార్మైకేల్, మాక్స్ అపెల్, వాళ్ళ సహచరులు. ఈనాడు హైదరాబాదులోనో విశాఖలోనో కుక్కపిల్లని కొనగానే పార్వో సూది వేయిస్తాం. ఆ సూది కథ మొదలైంది ఈ సరస్సు ఒడ్డునే. ఆ ఊళ్ళో మీ కుక్కని నడిపించేటప్పుడు ఆ సంగతి మీ పిల్లలకి చెప్పండి.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? జూన్ మొదటి పదిహేను రోజులు. చాలామంది ఆకులు రంగు మారే అక్టోబరు అంటారు. చూడడానికి అది గొప్ప కాలమే. కానీ కుక్కతో వెళ్ళేవాళ్ళకి నేను జూన్ అంటాను. జూన్‌లో జలపాతాల నిండా నీళ్ళుంటాయి. ఆగస్టు చివరికి టాగానాక్ ఒక్కోసారి సన్నటి ధార అయిపోతుంది. జూన్‌లో ఎండ ముదరదు. సరస్సులో పాచి పట్టే కాలం ఇంకా రాదు. అన్నిటికన్నా ముఖ్యం, ద్రాక్షతోటల్లో అప్పటికి పండ్లుండవు. తీగలు అప్పుడప్పుడే పూతకి వస్తుంటాయి.

ద్రాక్షపండు గురించి కాస్త ఎక్కువసేపే మాట్లాడాలి. ఎందుకంటే మనం వెళ్తున్నది ద్రాక్షతోటల మధ్యకి.

అక్కడ అంత చలిలో ద్రాక్ష ఎలా పండుతుందీ అని అడగొచ్చు. సరస్సుల వల్లే. లోతైన నీళ్ళు వేసవి వేడిని లోపల దాచుకుంటాయి. చలికాలంలో నెమ్మదిగా వదులుతాయి. సెనెకా, కయూగా పూర్తిగా గడ్డకట్టడం చాలా అరుదు. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి చల్లగాలి కిందికి జారిపోతుంది. తీగలు బతుకుతాయి. అయినా చాలాకాలం అక్కడ కాంకర్డ్, కటావ్బా లాంటి అమెరికా రకాలే పండించారు. యూరప్ ద్రాక్ష ఈ చలికి బతకదని నమ్మేవాళ్ళు. ఉక్రెయిన్ ప్రాంతానికి చెందిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అని ఒకాయన 1951లో అమెరికా వచ్చాడు. ఉక్రెయిన్ గడ్డు చలిలో ద్రాక్ష పండించిన అనుభవం ఉన్నవాడు. ఎవరూ నమ్మకపోయినా పట్టుబట్టి సాధించాడు. 1962లో క్యూకా సరస్సు ఒడ్డున సొంత వైనరీ పెట్టాడు. ఇవాళ ఆ ప్రాంతానికి పేరు తెచ్చిన రీస్లింగ్ వైన్ వెనక ఆయన పట్టుదల ఉంది. 1976లో రాష్ట్రం చట్టం మార్చింది. చిన్న రైతులు తమ వైన్ తామే అమ్ముకునే వీలు పెరిగింది. 1983లో కయూగా చుట్టూ ఉన్న వైనరీలు కలిసి ఒక దారిగా ఏర్పడ్డాయి. అమెరికాలో అలాంటి మొదటి వైన్ దారి అదే. మనం ఎంచుకున్న సరస్సు ఒడ్డునే ఉంది చూడండి.

వైన్ తాగని వాళ్ళు కూడా అక్కడికి హాయిగా వెళ్ళొచ్చు. వాలు మీద తోట, కింద నీలంగా సరస్సు. ఆ పచ్చిక మీద కూర్చుని ద్రాక్షరసం తాగినా ఆ సాయంత్రం దక్కుతుంది. తాగేవాళ్ళు మాత్రం కారు నడిపేది ఎవరో ముందే తేల్చుకోండి.

కుక్క సంగతి వైనరీ వైనరీకీ మారుతుంది. చాలా చోట్ల బయట పచ్చిక మీదికి, వరండాలోకి రానిస్తారు. రుచి చూపించే గది లోపలికి అన్నిచోట్లా రానివ్వరు. హోటళ్ళ సంగతీ అంతే. 2015లో న్యూయార్క్ రాష్ట్రంలో చట్టం వచ్చాక, బయట బల్లలు వేసే హోటళ్ళు ఇష్టమైతే అక్కడికి కుక్కల్ని రానివ్వొచ్చు. ఇష్టమైతే అనే మాట గమనించండి. యజమాని వద్దంటే వద్దే. అందుకని ముందురోజు ఫోన్ చేయండి. కుక్కని తీసుకురావచ్చా అని మాత్రమే అడిగితే చాలదు. కుక్కతో ఎక్కడ కూర్చోవాలి, అక్కడ నీడ ఉంటుందా, మీ దగ్గర పెంపుడు కుక్కలో పిల్లులో తిరుగుతుంటాయా అని కూడా అడగండి. వాళ్ళ కుక్క లీష్ లేకుండా ఎదురొస్తే మన కుక్క ఎలా ఉంటుందో మనకే కదా తెలుసు.

ఇప్పుడు ప్రమాదం సంగతి. ద్రాక్షపండ్లు కుక్కకి విషం. ఎండుద్రాక్ష, అంటే మన కిస్‌మిస్, అదీ విషమే. కిడ్నీలు పాడైపోతాయి. అన్ని కుక్కలకీ కాదు, కొన్నిటికే. కానీ ఏ కుక్కకి అవుతుందో ముందు చెప్పలేం. ఇన్ని పండ్లవరకు ఫరవాలేదు అనే లెక్కా లేదు. పది తిని ఏమీ కానివీ ఉన్నాయి, కొద్దిగా తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవీ ఉన్నాయి.

ఎందుకిలా అవుతుందో చాలాకాలం తెలియలేదు. ఈమధ్య, 2021లో, అమెరికాలో జంతువుల విషప్రభావాలు చూసే వైద్యులు ఒక కారణం ముందుకు తెచ్చారు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం వల్ల కావచ్చని. ఆ ఆమ్లం ఇంకెక్కడ ఎక్కువగా ఉంటుందో తెలుసా? చింతపండులో. చింతపండు తిన్న కుక్కలకి కూడా కిడ్నీలు దెబ్బతిన్న సంగతులు ఆ వైద్యులే నమోదు చేశారు.

ఇది మన తెలుగు ఇళ్ళకి చాలా ముఖ్యమైన మాట. ప్రయాణం అంటే మనం ఏం కట్టుకెళ్తాం? పులిహోర. దాన్నిండా చింతపండు. పిల్లలకి సేమ్యా పాయసమో, రవ్వ కేసరో, లడ్డూలో. వాటిలో కిస్‌మిస్. కూరల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి. అవి కూడా కుక్కల రక్తానికి చెరుపు చేస్తాయి. అమ్మమ్మగారికి చిట్టి అంటే ప్రేమ. తాను తింటూ దాని నోట్లో ఒక ముద్ద పెట్టకుండా ఉండలేరు. ఆవిడకి ముందే చెప్పండి. వద్దు అని ఊరుకోకండి, ఏం పెట్టొచ్చో కూడా చెప్పండి. ఉప్పు లేని పెరుగన్నం విడిగా ఒక డబ్బాలో కట్టండి. ఈ డబ్బా చిట్టిది, మీ చేత్తో మీరే పెట్టండి అని ఆవిడ చేతికే ఇవ్వండి. ఆవిడ ప్రేమకి దారి దొరుకుతుంది, కుక్కకీ క్షేమం. పాలు, పెరుగు పడని కుక్కలుంటాయి, అలాంటి దానికి ఉత్తి అన్నం, ఉడికించిన చికెన్ ముక్క.

జూన్ కాకుండా సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్ళారనుకోండి. అది పంటకోత కాలం. తీగల కింద పండ్లు రాలి ఉంటాయి. రసం తీసిన పిప్పి కుప్పలుగా పోసి ఉంటుంది. దారి పక్కన బల్లల మీద ద్రాక్ష అమ్ముతుంటారు. కనన్‌డేగ్వా సరస్సు కింద నేపుల్స్ అనే ఊరు ద్రాక్షపండ్ల పై అనే తీపి పిండివంటకి పేరుపడింది. అవి చుట్టుపక్కలా దొరుకుతాయి. పాప ఒక ముక్క బల్ల మీద పెట్టి అటు తిరిగితే చాలు. పండ్లు లేని జూన్‌లో కూడా తీగల వరసల మధ్యకి కుక్కని తీసుకెళ్ళకండి. అక్కడ తేమ ఎక్కువ, తీగలకి బూజు తెగుళ్ళు వస్తాయి, మందులు కొడుతుంటారు. కుక్క వాటి మీద నడిచి, పాదాలు నాకుతుంది. పచ్చిక మీద కూర్చోండి, వరసల్లోకి వద్దు.

ఒకవేళ తినేసింది. అప్పుడేం చేయాలి? ఏమవుతుందో చూద్దాం అని ఆగకండి. చాలా కుక్కలకి ఒక రోజులోపు వాంతులు మొదలవుతాయి. ఆ తర్వాత నీరసం, తిండి మానేయడం. మూత్రం తగ్గిపోయేసరికి ఆలస్యమైపోయినట్టే. తిన్న గంట రెండు గంటల్లో వైద్యుడి దగ్గరికి చేరితే వాంతి చేయించి చాలావరకు బయటికి తీసేయగలరు. ఇంట్లో ఉప్పునీళ్ళు పట్టడం లాంటివి చేయకండి, అదీ ప్రమాదమే. ముందు ఫోన్ చేయండి, తర్వాత కారెక్కండి. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువెంత, ఈ మూడూ అడుగుతారు. ఇథాకా దగ్గర బస చేశారు కాబట్టి ఆసుపత్రి దగ్గరే. అదే సెనెకా దాటి, క్యూకా అవతల ఉండి ఉంటే? కొండదారుల్లో గంటకి పైనే. ఒక్క సరస్సు అని నేను పదే పదే అనేది ఇందుకే.

నీళ్ళ గురించి కూడా జాగ్రత్త. లాబ్రడార్ నీళ్ళు కనిపిస్తే ఆగదు. జూలై చివరి నుంచి శరత్కాలం దాకా ఆ సరస్సుల్లో కొన్నిచోట్ల హానికరమైన పాచి పుడుతుంది. పదకొండు సరస్సుల్లోనూ అది కనిపించింది. ఒడ్డున నీళ్ళు ఆకుపచ్చ రంగు ఒలికినట్టు, చిక్కగా, మీద చారలుగా ఉంటే, అందులో కుక్కని దిగనివ్వకండి. ఆ నీళ్ళు తాగితే కాలేయమో, నరాలో దెబ్బతింటాయి. గంటల్లోనే ప్రాణం పోవచ్చు. ఈదకపోయినా సరే, బొచ్చుకి అంటిన పాచిని నాకితే చాలు. పొరపాటున దిగితే వెంటనే మంచినీళ్ళతో ఒళ్ళంతా కడిగేయండి. నాకనివ్వకండి. వైద్యుడికి ఫోన్ చేయండి. ఏ ఒడ్డున పాచి ఉందో రాష్ట్ర పర్యావరణ శాఖ వేసవంతా మ్యాపు మీద చూపిస్తుంది. బయల్దేరే ముందు చూసుకోండి. నీళ్ళు బాగున్న రోజు, జనం ఈతకొట్టే రేవుకి దూరంగా, దిగనివ్వండి. చల్లటి నీళ్ళలో అది కొట్టే కేరింతలు చూసి పాప కూడా గెంతుతుంది.

బస గురించి రెండు మాటలే. కుక్కల్ని రానిస్తాం అని రాసి ఉన్న చోట కూడా లోపల షరతులుంటాయి. ఇంత బరువు దాటకూడదంటారు. అదనపు రుసుం అంటారు. అవి చదువుకోవచ్చు. కానీ ఒక ప్రశ్న మాత్రం ఫోన్ చేసి నోటితో అడగండి. మేం బయటికి వెళ్తే కుక్కని గదిలో ఒంటరిగా ఉంచొచ్చా? చాలాచోట్ల వద్దంటారు. కొన్నిచోట్ల క్రేట్‌లో అయితే సరే అంటారు. మీ మూడు రోజుల ప్రయాణం ఎలా సాగుతుందన్నది ఈ ఒక్క జవాబు మీద ఉంది. క్రేట్ అలవాటు లేని కుక్కకి నెల ముందు నుంచే ఇంట్లో అలవాటు చేయండి. కొత్త ఊళ్ళో, కొత్త గదిలో, మొదటిసారి క్రేట్‌లో పెడితే భయపడిపోతుంది.

ఇప్పుడు మన ఎడిసన్ కుటుంబం కొత్తగా రాసుకున్న ప్రయాణం చూద్దాం. శుక్రవారం పొద్దున్న బయల్దేరారు. చిట్టికి తిండి మామూలుకంటే తక్కువ పెట్టారు, కారులో కక్కకుండా. వెనక సీట్లో బెల్టు కట్టారు. రెండు గంటలకోసారి ఆగారు. బింగ్‌హామ్‌టన్ మీదుగా ఇథాకా చేరారు. మైదానంలో చిట్టి పరుగు. ఆ తర్వాత బస. శనివారం పొద్దున్నే, జనం రాకముందు, టాగానాక్ నడక. ఎండెక్కేవేళకి బసలో వంట, నిద్ర. నాలుగింటికి పది నిమిషాల దూరంలో ఒకే ఒక్క వైనరీ. పచ్చిక మీద చీకటిపడే దాకా. ఆదివారం బ్లాక్ డైమండ్ దారిలో మైలు నడక, పాపకి ఈత, తిరుగు ప్రయాణం. చూసిన చోట్లు తక్కువే. కానీ ఎక్కడా ఎవరూ కారులో మిగిలిపోలేదు. పాత కాగితం మీద మూడు సరస్సులుండేవి. ఆ మూడూ ఎవరు చూసినట్టు?

చివరిగా పిడుదుల సంగతి. జూన్‌కి ఉన్న ఒకే ఒక్క లోపం ఇది. ఆ నెలలో పిడుదుపిల్లలు గడ్డిలో ఎక్కువ. గసగసాల గింజంత ఉంటాయి, కంటికి ఆనవు. వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది, కుక్కలకీ మనకీ కూడా. ప్రయాణానికి ముందే వైద్యుణ్ణి కలిసి పిడుదుల మందు వేయించండి. లైమ్ టీకా కావాలా అని అడగండి. నడకలో దారి మధ్యనే నడవండి. రోజూ సాయంత్రం కుక్క ఒళ్ళు తడిమి చూడండి. చెవుల లోపల, మెడ పట్టీ కింద, చంకల్లో, కాలివేళ్ళ మధ్య. సాధారణంగా పిడుదు పట్టుకుని ఒక రోజు దాటాకే జబ్బు అంటిస్తుంది, కాబట్టి ఏ రోజుకారోజు తీసేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. సన్నటి పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నేరుగా పైకి లాగేయండి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. అలాగే పాప మోకాళ్ళ వెనక, జుట్టు కుదుళ్ళలో చూడండి. అమ్మమ్మగారి చీర కుచ్చిళ్ళు కూడా దులపండి. ఇంటికొచ్చాక కొన్ని వారాలకో, నెలలకో కుక్క కుంటుతున్నా, జ్వరం వచ్చినా, తిండి మానేసినా, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు జూన్‌లో ఫింగర్ లేక్స్ వెళ్ళొచ్చాం అని మీరే ముందుగా చెప్పండి.